డబ్బా మూత మీద నంబరు

మా ఆయనది ఇంజనీరు కెరీర్, నాది టిఫిన్ క్యారియర్. రెండూ దుబాయ్ వచ్చాకే మొదలయ్యాయి. మొదటిది మధ్యమధ్యలో కుంటింది గాని, రెండోది ఒక్క పూట కూడా ఆగలేదు. మేముండేది ఇంటర్నేషనల్ సిటీలో ఫ్రాన్స్ క్లస్టర్, అంటే ఆ దేశం పేరు పెట్టిన బిల్డింగుల గుంపు. మా అత్తగారు ఊళ్ళో చాలాకాలం మేం ఫ్రాన్స్‌లో ఉన్నామనే చెప్పుకున్నారు. నేను దిద్దలేదు. ఫ్రాన్స్‌లో పప్పుచారు కాస్తున్నానంటే వినడానికి నాకూ బాగానే ఉండేది.

చుట్టుపక్కల ఫ్లాట్లలో బెడ్‌స్పేస్ అని ఒక్కో మంచం అద్దెకు తీసుకుని ఉండే మన కుర్రాళ్ళకు, అల్ వర్సాన్ కూలీల క్యాంపుల్లో కొందరికి రెండు పూటలా డబ్బాలు కట్టి పంపేదాన్ని. దీన్ని మెస్సు అంటారు. ఇంట్లో వండి అమ్మడానికి నా దగ్గర అనుమతి కాగితం ఏదీ లేదు కనుక, ఆ మాట గట్టిగా అనేదాన్ని కాదు. తలుపు కొట్టిన ప్రతివాడూ తనిఖీవాడేమోనని తాలింపు ఆపేసి నిలబడిన రోజులున్నాయి.

డబ్బాలతో ఒక్కటే చిక్కు, పోయినవి తిరిగి రావు. ఒక గదిలో ఎనిమిది మంది, నాలుగు మెస్సుల డబ్బాలు. ఎవరిది ఎవరికి పోతుందో తెలిసేది కాదు. అందుకని ప్రతి మూత మీదా నల్ల మార్కరుతో నా ఫోన్ నంబరు రాశాను. పేరు రాయలేదు, పేరు రాస్తే దొరికిపోతాను. నంబరు మాత్రం మూత నిండా, ముసలివాళ్ళకు కూడా కనబడేంత లావుగా.

నేను ఊహించనిది ఒకటి జరిగింది. రోజుకు రెండుసార్లు తిండి ముందు కూర్చుని ఆ అంకెల్ని చూసీ చూసీ వాళ్ళందరికీ నా నంబరు కంఠతా వచ్చేసింది. ఇప్పుడు ఎవరికైనా ఎవరి నంబరైనా గుర్తుంటుందా? పెళ్ళాం నంబరు, తల్లి నంబరు అన్నీ ఫోన్‌కే గుర్తు. స్టేషన్లో ఆ ఫోన్ తీసేసుకుని, ఎవరికైనా ఒక కాల్ చేసుకో అన్నప్పుడు, తల తడుముకుంటే మనవాడికి తగిలేది ఒక్కటే నంబరు. మూత మీది నంబరు.

మొదటిసారి ఫోన్ చేసినవాడు నెల్లూరు వైపు కుర్రాడు.

"అక్కా, నేను లోపలుండా."

"లోపలుంటే బయటికొచ్చి డబ్బా తీసుకో నాయనా. తలుపు దగ్గరే పెట్టించాను."

"ఆ లోపల కాదక్కా. జైల్లో."

గదిలో ఏదో కొట్లాట. వాళ్ళ అన్నకు చెప్పమన్నాడు. చెబుతానన్నాను. పెట్టేయబోతూ, "అక్కా, పక్కన ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళ ఇళ్ళకు కూడా చెప్పమంటుండారు," అన్నాడు. అందులో ఒకడు ఎన్నడూ నా అన్నం తినలేదు. తిననివాడి కబురు కూడా నేనే మోశాను.

అట్లా మొదలైంది. బయటికొచ్చినవాడు లోపలున్నవాళ్ళ కబుర్లు నాకు అప్పజెప్పేవాడు. ఆ తర్వాత అటునుంచీ మొదలయ్యాయి. కడప నుంచి, కరీంనగర్ నుంచి ఫోన్లు: "మావాడు లోపలున్నాడేమో చూసి చెప్పండమ్మా." చూడ్డానికి నా దగ్గర పప్పుగుత్తి తప్ప ఏముంది? మా ఆయన నాకు 'విచారణ విభాగం' అని పేరు పెట్టారు. విచారం నాది, మిగిలిన రణం మా ఇద్దరిదీ. "లైసెన్సు లేని వంట చాలదని జైలు నంబర్లు కూడా నీ ఫోన్‌లో ఎందుకు?" అనేవారు. ఆయన భయంలో తప్పేమీ లేదు.

ఇక్కడ జైల్లో ఎవరున్నారో పదిమందీ చూసుకునే పట్టిక ఏదీ లేదు. పోలీసుల యాప్‌లో ఎవరి కేసు వాళ్ళు చూసుకోవచ్చు. కాని చూసుకోవలసినవాడి చేతిలో ఫోన్ ఉండదు. కాన్సులేటుకు రాస్తే వాళ్ళు అడిగి చెబుతారు, వాళ్ళకు జవాబు వచ్చినప్పుడు. ఈలోగా ఇంట్లోవాళ్ళకు పగలు గడవాలి.

ఒకనాటి మధ్యాహ్నం, డబ్బాలు వెళ్ళిపోయాక, ఇలాంటిదేదైనా దొరుకుతుందేమోనని ఫోన్‌లో నాకొచ్చిన ఇంగ్లీషులో వెతికాను. ఎక్కడికో పోయి అమెరికాలో ఒక కౌంటీ జైలు పేజీలో తేలాను. అడ్డేమీ లేదు, తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంటిపేరు కొడితే చాలు, లోపలున్న మనుషులు వరసగా వచ్చేస్తున్నారు. ఫోటో, వయసు, ఎత్తు, బరువు, కంటిరంగు. అచ్చం పెళ్ళి సంబంధాల సైటు. చదువు ఉండాల్సిన చోట నేరం, జీతం ఉండాల్సిన చోట జామీను. ఎంతసేపు చూశానో తెలియదు. మా ఆయన వచ్చి భుజం మీదుగా తొంగిచూశారు.

"ఎవరతను?"

"ఏమోనండీ. తాగి కారు నడిపాడట. చూడండి, ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు."

"వాళ్ళమ్మకు తెలుసో లేదో గాని, ఫ్రాన్స్ క్లస్టర్‌లో నీకు తెలిసిపోయింది."

నేను ఫోన్ పక్కన పెట్టాను గాని, లోపల కుళ్ళుకున్నాను. ఇంత సుళువుగా ఉంటే నాకు సగం ఫోన్లు తగ్గిపోవూ అనుకున్నాను. ఆ కుళ్ళు ఎన్నాళ్ళో నిలవలేదు.

కరోనా రెండో ఏడు అది. విమానాలు మళ్ళీ నడుస్తున్నాయి. మా దగ్గర డబ్బా తినే ఏసీ మెకానిక్ ఒకతను సెలవుకు ఇంటికెళ్ళాడు. జగిత్యాల దగ్గర ఊరు. పలుచటి మనిషి, మాట కూడా పలుచనే. మూడేళ్ళలో అతను నన్ను అడిగింది ఒక్కటే, కూరలో ఉల్లిగడ్డ కొంచెం ఎక్కువెయ్యమని. వాళ్ళావిడ ఫోన్ చేసేనాటికి అతను తిరిగొచ్చి డబ్బా మొదలుపెట్టి ఉండాలి. మొదలుపెట్టలేదు.

"అక్కా, నమస్తే. మీ డబ్బా తింటడు గదా, ఏసీలు బాగుచేసేటాయన. నేను ఆయన భార్యను."

"నా నంబరు నీకెవరిచ్చారమ్మా?"

"ఎవ్వలియ్యలే. ఆయన తినుకుంట వీడియో కాల్ చేస్తుండె. మూత తీసి పక్కకు నిలవెడ్తుండె. ఒక్కోపారి ఆయన మొఖం కన్న మీ మూతనే ఎక్కువ కనవడుతుండె."

నవ్వబోయి ఆగాను. అవతల కత్తెర చప్పుడు వినిపిస్తోంది, కిచుకు కిచుకుమని. బీడీ ఆకు కత్తిరిస్తోందని తర్వాత తెలిసింది. మాట్లాడుతున్నంతసేపూ ఆ చప్పుడు ఆగేది కాదు.

"విమానం దిగిన అని మెసేజ్ వెట్టిండక్కా. గంతే. ఫోన్ బందైంది. రూమోళ్లను అడిగితే రాలే అంటున్రు. కంపెనోళ్లు ఫోనెత్తరు."

"టెస్టులో పాజిటివ్ వస్తే ఎక్కడో విడిగా పెడతారమ్మా. అలా ఉండొచ్చు."

"మా ఊరి ఒకాయనను పోయినేడు గట్లనే విడిగ వెట్టిన్రన్నరు. మల్ల ఫోన్ల చెప్పిన్రు, పోయిండని. మనిషి రాలే. సూట్‌కేస్ ఒచ్చింది." కత్తెర ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. "మా అత్త తిండి ముడ్తలేదు. ఊల్లె ఆడోళ్లు ఒచ్చి కూసుంటున్రు. ఎందుకొచ్చి కూసుంటున్రో నాకు తెల్వదా? ఉన్నడో లేడో, గదొక్కటి చెప్పున్రి. ఇంకేం అడుగ."

అతని గదివాళ్ళు తెలిసిన ఆసుపత్రుల్లో అడిగొచ్చారు. నేను లోపలినుంచి వచ్చే ప్రతి ఫోన్‌లోనూ అడిగాను, జగిత్యాల మనిషి, పలుచగా ఉంటాడు, ఎవరైనా చూశారా అని. లేదన్నారు. చిత్రం ఏమిటంటే, లోపల లేడన్నందుకు సంతోషించాలో భయపడాలో తెలిసేది కాదు. జైల్లో ఉంటే బాగుండునని ఒక మనిషి గురించి కోరుకోవడం నాకు అదే మొదలు.

ఆ కోరిక తీరింది. ఒకరోజు వంకాయలు తరుగుతుండగా ఫోన్.

"అక్కా, నేనే. ఉల్లిగడ్డ."

అతను తనని తాను అలా చెప్పుకున్నాడు. కత్తి పక్కన పడేశాను.

"ఎక్కడున్నావ్ తమ్ముడూ? మీ ఆవిడ అక్కడ..."

"లోపల. గసాల కేసు."

"ఏంటీ?"

"గసాలక్కా. నా సంచిల గసాలు దొరికినయ్."

గసగసాలు ఇక్కడికి తేకూడదు. మనకు అవి కోడికూరలో వేసే మసాలా, ఇక్కడ అవి మత్తుమందుల లెక్కలో ఉంటాయి. దుబాయ్ కొత్తగా వచ్చినవాడికి గదిలో మొదట చెప్పేది నీళ్ళ మోటారు సంగతి, రెండోది గసగసాల సంగతి. నేను జీడిపప్పూ పుచ్చగింజలూ నూరి సరిపెడతాను, తిన్నవాళ్ళు సరిపెట్టుకుంటారు. ఇతను ఇక్కడ ఏళ్ళుగా ఉన్నవాడు.

"నీకు తెలీదా తమ్ముడూ?"

"నాకు తెల్సక్కా. ఆమెకు తెల్వది. నేనెన్నడు చెప్పలే. కారం పొడి, పసుపు, తొక్కు కట్టింది. బరువైతది ఇగ సాలన్న. ఆడ కోడికూర సప్పగ ఉంటదని ఎన్నడో అన్ననట, గది మనసుల వెట్టుకున్నది. నాకు చెప్పకుంట బట్టల నడుమ వెట్టింది. పగలొద్దని నా లుంగీల సుట్టింది. దాచినట్టే ఉన్నదన్నరు వాళ్లు. సూస్తే గట్లనే ఉన్నది మరి."

"మరి నువ్వు పెట్టలేదని చెప్పలేదా?"

"నేనే తెచ్చుకున్న అని చెప్పిన. ఆమె పేరు చెప్తే ఆమె పేరు రాసుకుంటరు గద? రేపు మా పిల్లను తీస్కొని ఎన్నడన్న ఇటు రావాలంటే?"

వచ్చే మనిషి కాదు ఆమె, తీసుకొచ్చే స్తోమతూ అతనికి లేదు. అయినా ఆ 'ఎన్నడన్న' కోసం నేరం నెత్తినేసుకున్నాడు.

"ఆమెకు చెప్పకక్కా. నీకు దండం వెడ్త. తెలిస్తే తన చేతులు తనే నరుక్కుంటది. కంపెనీ సీదా సైట్ మీదికి తోలింది, అబుదాబి దిక్కు మఫ్రఖ్ అవతల, ఆడ సిగ్నల్ లేదు అని చెప్పు. ఖలాస్. ల్యాబుకు పోయిందట సామాను. నేను ఎట్లనన్న..."

కార్డు అయిపోయింది.

జైలు ఫోన్‌లో వేసే కార్డు అది, డబ్బు ఉన్నంతసేపే మాట. నేను చెయ్యి కూడా కడుక్కోకుండా ఆమెకు చేశాను. బతికే ఉన్నాడమ్మా, సైట్ మీద ఉన్నాడు, మఫ్రఖ్ అవతల, సిగ్నల్ లేదు. అతను చెప్పిన వరసలోనే అప్పజెప్పాను. ఆమె ఏడ్చింది. వెనక ఎవరో ముసలామె "ఉన్నడా? ఉన్నడా?" అని అడగడం వినిపించింది. ఆ రాత్రి మా ఆయనకు రెండు గరిటెలు పాయసం ఎక్కువ వడ్డించాను.

మర్నాడే ఆమె ఫోన్.

"అక్కా, ఒక్క మాట. సిగ్నల్ లేని కాడికెంచి నీకు ఫోనెట్ల జేసిండు?"

నేను వంటలో ఉప్పు మర్చిపోతాను గాని, ఇంత పెద్ద కన్నం ఎలా మర్చిపోయానో. టౌనుకొచ్చినప్పుడు ఎవరిదో ఫోన్ అన్నాను. "మరి ఆ ఫోన్ నుంచి నాకు జెయ్యరాదా?" నీ నంబరు గుర్తులేదట అన్నాను. అది నిజమే, కాని నిజం కూడా నా నోట్లో అబద్ధంలా పలికింది. కత్తెర కిచుకు కిచుకుమంటూనే ఉంది. చివరికి, "లోపలున్నాడమ్మా. చిన్న కేసు. వచ్చేస్తాడు," అన్నాను.

"ఏం జేసిండు?"

"నాకు తెలీదమ్మా."

ఆమె నమ్మిందో లేదో, అడగడం మానేసింది. నన్ను అడగడం మాత్రమే. వాళ్ళ మరిది ఎవరినో పట్టుకుని హైదరాబాదులో గల్ఫ్ వాళ్ళ సంగతులు చూసే ఆఫీసులో అర్జీ పెట్టించాడు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. మనిషి క్షేమం, అదుపులో ఉన్నాడు, డ్రగ్స్ కేసు. అంతే. ఏ మందు, ఎంత, ఎక్కడిది, అవేవీ లేవు. ఒక్క మాట.

ఆ ఒక్క మాట చాలింది. గసగసాలు ఊళ్ళో గుసగుసలయ్యాయి. దుబాయ్‌లో ఏసీల పని అంటే ఇదన్నమాట అన్నారట. రెండేళ్ళ కింద వేసిన స్లాబు ఎట్లా వేశాడో ఇప్పుడు తెలిసిందన్నారట. బళ్ళో ఒక పిల్ల అతని కూతురితో మీ నాన్న గంజాయి అమ్ముతాడట గదా అన్నదట. ఇవన్నీ ఆమె ఏడవకుండా చెప్పింది. తర్వాత అడిగింది:

"అక్కా, నిజం చెప్పు. ఆయన మీ డబ్బాలల్ల వెట్టి పంపుతుండెనా?"

పక్కన మా ఆయన స్పీకర్లో వింటున్నారు, చెయ్యి చాచి వాల్యూము తగ్గించారు.

"మా డబ్బాల్లో సాంబారు తప్ప ఏమీ లేదమ్మా," అన్నాను. అదీ వంకరగా వినిపించింది.

"ఆయన నాకు ఏనాడు అబద్ధం చెప్పలేదనుకుంటుంటి. ఇప్పుడు ఏది నిజమో తెల్వకుంటైంది. మా తమ్ముడు ఒచ్చిండు, పిల్లను తీస్కొని రమ్మంటున్నడు. పోవాల్నా ఒద్దా? నువ్వు చెప్పు. నువ్వు సూసినవు గద ఆయనను, రోజు."

రోజూ చూసిన మాట నిజం కాదు. రోజూ డబ్బా మాత్రమే చూశాను. ఖాళీగా, కడిగి తిరిగొచ్చేది. నా దగ్గర తినే వాళ్ళలో కడిగి పంపేవాడు అతనొక్కడే.

ఫోన్ పెట్టాక మా ఆయనతో అన్నాను, "చెప్పేస్తానండీ."

"ఒక్కటే అడిగాడు అతను నిన్ను."

"ఆ ఒక్కటీ దాస్తే ఆమె కాపురమే పోయేలా ఉంది. పుట్టింటికి పోతుందట."

"పోనీ చెప్తావు. గసగసాలకు జైలంటే నమ్ముతుందా? కాకినాడలో మీ నాన్న చికెన్‌లో గుప్పెడేసేవారు. ఇక్కడికొచ్చిన కొత్తలో నువ్వు చెబితే నేనే నమ్మలేదు."

"ఎవరు నమ్మకపోయినా, కట్టినామె నమ్ముతుంది."

ఆయన లేచి వెళ్ళి బాల్కనీ తలుపు వేసి వచ్చారు, బయట ఎవరికో వినబడుతుందన్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం చేశాను. కత్తెర మామూలే. అన్నీ చెప్పాను. సంచి, లుంగీ, ఇక్కడి చట్టం, ల్యాబు. తన పేరు చెప్పకుండా అతను నేనే తెచ్చుకున్నానన్నాడని కూడా. కత్తెర ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు. ఫోన్ పోయిందేమో అని రెండుసార్లు "అమ్మా" అన్నాను.

"సాలన్నడక్కా," అందామె చివరికి. "బరువైతది సాలు అన్నడు. నేనే... ఎంతుంటదో తెల్సా? గింత. దోసెడు లేదు."

"తెలీక చేశావమ్మా."

"లుంగీల సుట్టిన. పగులుతదని. గసాలు పగుల్తయా ఏడన్న?"

అతను ఊహించినట్టు ఆమె చేతులేమీ నరుక్కోలేదు. చేసిన పని వేరు. ఆ సాయంత్రమే మరిది ఇంటికి, పెద్దమనుషుల ఇళ్ళకు, బడి టీచరు ఇంటికి కూడా వెళ్ళిందట. ఆయన తప్పు లేదు, నేను కట్టిన గసాలు అని. దాచుకోవాల్సింది దాచుకోకుండా గడప గడపకూ తిరిగి చెప్పుకుంది.

ఎవరూ నమ్మలేదు.

"గసాలు మన కోమటాయన దుకాన్ల ఉన్నయ్, మరి ఆయన్నెవ్వలు పట్టుకపోతలేరేంది అని నవ్వుతున్రక్కా. మొగన్ని కాపాడుకుంటందుకు కత చెప్తున్నదంటున్రు. మా తమ్ముడు గూడ గంతే అన్నడు. సర్కారు ఆఫీసోళ్లు డ్రగ్స్ అని రాసిన్రు, నువ్వు గసాలంటవ్, ఏది నమ్మాలె అంటడు. ఆడ కాగితం మీద ఏం రాసిన్రో అది కావాలె నాకు. గసాలని రాసిన్రా లేదా. అరబీల ఉన్నా సరే, మా ఊరి మజీదుల మౌల్సాబ్ ఉన్నడు, చదువుతడు. పదిమంది ముందట చదివిపిస్త. పంపక్కా."

అమెరికా పేజీ గుర్తొచ్చింది. అలాంటిది ఇక్కడ ఉండి ఉంటే, ఈమె ఫోన్‌లో భర్త ఫోటో కనబడేది, కళ్ళ కింద నల్లగా, పక్కన ఆ ఒక్క మాటే ఉండేది. ఊరు ఊరంతా చూసేది, ఇంకా ముందుగా చూసేది. అప్పుడు కుళ్ళుకున్నందుకు సిగ్గేసింది. కాని ఆమె అడుగుతున్నదీ కాగితమే. ఉన్నదంతా రాసిన కాగితం. అది కోర్టులోంచి రావాలంటే అతనే అడగాలి. అతను అడగాలంటే ఆమెకు తెలుసని అతనికి తెలియాలి.

లోపలి ఫోన్ కార్డుతో ఇండియాకు కలిసేది కాదని అతను చెప్పాడు. అందుకని తర్వాతిసారి అతను ఫోన్ చేసినప్పుడు ఉండమని, మా ఆయన పాత ఫోన్‌లో ఇంటర్నెట్ కాల్ మీద ఆమెను కలిపాను. రెండు ఫోన్లూ స్పీకర్లో పెట్టి, వంటగట్టు మీద ఉల్లిపాయల బుట్టకు ఆనించి, మూతికి మూతి ఆనేలా నిలబెట్టాను. మధ్యలో నేను గరిటె పట్టుకుని, పెళ్ళి జరిపించే పురోహితుడిలా. బయటికి పోదామనుకున్నాను, పోతే ఫోన్లు పడిపోతాయి.

"ఏమే, బాగున్నవా?" అన్నాడతను. "నేను బాగున్న. సైట్ మీద ఉన్న. ఎడారి, సిగ్నల్..."

"తిన్నవా?"

"ఆ. తిన్న."

"నా తోటి సైట్ ముచ్చట చెప్పకు. నేను కట్టిన మూట నాకు తెల్వదా?"

నేను ఎటు చూడాలో తెలియక పొయ్యి మీద పప్పును చూశాను. ఆమె నా పేరు ఎత్తలేదు. నేను చెప్పానన్న మాటే రానివ్వలేదు.

"ఎవలన్నరు నీకు?" అన్నాడు.

"ఎవలంటరు? నాకు తెల్వదనుకున్నవా గసాలు? సాలన్నవు, ఇన్ననా నేను?"

"నువ్వేం జేసినవ్. నేను సంచి సూసుకోవాలె గద."

"ఆ కాగితం తీస్కో. గసాలని రాసి ఉంటది గద, గది పంపు. ఈడ నిన్ను గంజాయి అంటున్రు."

"అననియ్యి. అందుల నీ పేరు లేదు, గట్లనే ఉండనియ్యి. నువ్వు పెద్దమనుషుల కాడికి పోకు. ఊరోళ్లు నాల్గు దినాలంటరు, మర్చిపోతరు."

"ఊరోళ్లది గాదు. పిల్ల అడుగుతున్నది."

అతను ఏదో అనబోయాడు. నా ఫోన్‌లో టక్కుమని చప్పుడైంది. కార్డు. కాని రెండో ఫోన్‌లో ఆమె ఆగలేదు. అతను వింటున్నాడనుకుంది.

"పిల్ల అడుగుతున్నది, మా నాయిన ఏం జేసిండు అని. మీ నాయిన ఏం జెయ్యలే, నేను జేసిన అని చెప్పిన. నమ్మలే. నువ్వు ఊకెనే నాయిన దిక్కే మాట్లాడుతవు అన్నది. నా బిడ్డ నన్ను నమ్మకుంటే నేనెట్ల బతకాలె? తప్పు నాదైతే నా మీద ఉండనియ్యి. దాన్ని గూడ నువ్వే మోసుకపోతవా? సూట్‌కేస్ మోసినట్టు? నన్ను తిట్టు. ఇంటికొచ్చి తిట్టు. కాగితం తీస్కొని ఒచ్చి అందరి ముందట తిట్టు..."

ఆపాలని నాకు తెలుసు. ఆపలేకపోయాను. పప్పు అడుగంటిన వాసన వస్తోంది. ఆమె మాట అయిపోయాక జవాబు కోసం ఎదురుచూసింది. అప్పుడు ఫోన్ తీశాను.

"అమ్మా. కట్టయిందమ్మా. కార్డు అయిపోయింది."

"ఎక్కడిదాంక ఇన్నడు?"

"పిల్ల అడుగుతోందన్న దాకా."

"అయ్యో," అందామె.

మళ్ళీ అతని ఫోన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ వారమంతా నాకు ఆమె మాటలు పోతాయేమోనని ఒకటే భయం. నా జ్ఞాపకశక్తి సంగతి నాకు తెలుసు. పాల ప్యాకెట్టుకని కిందికి దిగి వట్టి చేతుల్తో వచ్చే మనిషిని. కూరలు తరుగుతూ లోలోపల అప్పజెప్పుకునేదాన్ని, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. మా ఆయన ఏం గొణుగుతున్నావంటే, జైలు రికార్డు అన్నాను. నవ్వలేదాయన.

అతను చేశాడు.

"అక్కా, ఆనాడు పిల్ల అడుగుతున్నది అన్నది. అటెన్క ఏమన్నదక్కా? ఏమన్న అన్నదా?"

చెప్పాను. ఒక్కటీ వదలకుండా, నా కాకినాడ నోటితో ఆమె జగిత్యాల మాటల్ని. 'ఊకెనే' అన్నచోట తడబడ్డాను, మళ్ళీ సరిచేసుకున్నాను. సూట్‌కేస్ మోసినట్టు అన్నచోట అతను 'ఆ' అన్నాడు, ఎక్కడో తగిలినట్టు. నన్ను తిట్టు, ఇంటికొచ్చి తిట్టు, కాగితం తీసుకొచ్చి అందరి ముందర తిట్టు. అయిపోయింది.

అటువైపు చాలామంది గొంతులు, ఎవరో వరసలో తొందరపెడుతున్నారు, "యల్లా, యల్లా" అని.

"నేను ఆమెను ఎన్నడు తిట్టలేదక్కా," అన్నాడు. "పిల్ల నమ్మలేదన్నదా? నిజంగ గట్లనే అన్నదా?"

"అలాగే అంది తమ్ముడూ."

మళ్ళీ ఎవరో అరిచారు. అతను వాళ్ళకు హిందీలో ఏదో చెప్పి, ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు, ఊపిరి వినబడింది.

"కాగితం అడుగుత," అన్నాడు. "ఆమె పెట్టిందని గూడ చెప్త. ఏం రాసుకుంటరో రాసుకోని."

కార్డు అయిపోయిందో, అతనే పెట్టేశాడో తెలియదు. నేను పొయ్యి తగ్గించి ఆమెకు ఫోన్ చేశాను.